రాఘవాపురం వెంకయ్య

మన బడి పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, బడి జ్ఞాపకాలు రాయడానికి నాకన్నా బాగా రాయగలిగిన మిత్రులు చాలామంది ఉన్నారనిపించింది. అందుకని ఒక మనిషి జీవితం రాస్తున్నాను. ఆయన పేరు పగోలు వెంకయ్య. ఊరు కృష్ణా జిల్లా రాఘవాపురం. 1811 ప్రాంతంలో పుట్టి 1891లో కన్నుమూశాడు. మొదట దొంగల ముఠాకు నాయకుడు. జీవితం చివరి ముప్పై ఏళ్లు ఊళ్లు తిరిగి ఏసుక్రీస్తును గురించి చెప్పినవాడు. కోస్తా క్రైస్తవ కుటుంబాల్లో పెద్దవాళ్లకు ఆయన కథ తెలుసు. మన అనంతపురం వైపు ఆ పేరు విన్నవాళ్లు తక్కువ.

నేను క్రైస్తవుణ్ణి కాను. మత ప్రచారం కోసం ఇది రాయడం లేదు. నీటిపారుదల పనుల మీద కొన్నేళ్లు విజయవాడ వైపు ఉన్నాను. పాత ఆనకట్ట చరిత్ర తెలుసుకుందామని మొదలుపెడితే, ఆ కాలపు బెజవాడలో ఈ వెంకయ్య తగిలాడు. ఆనకట్ట ఎవరు కట్టారు, ఎన్ని అడుగులు, ఎంత ఖర్చు అనే లెక్కల కన్నా ఈయన కథే నా మనసులో ఎక్కువ కాలం ఉండిపోయింది.

దొంగ మంచివాడుగా మారడం మనకు కొత్త కథ కాదు. వాల్మీకి కథ మన జిల్లాలో ప్రతి ఊళ్లోనూ చెబుతారు, బోయ సోదరులైతే తమ ఇంటి కథగానే చెప్పుకుంటారు. మనకు పొరుగున, కదిరి దగ్గర కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. వయసులో ఉన్నప్పుడు భోగాల్లో పడి తిరిగి తర్వాత యోగి అయ్యాడని ఆయన గురించి చెబుతారు. అవి పురాణాలు, ఐతిహ్యాలు. వాటిల్లో తేదీలుండవు, పక్కింటివాళ్లుండరు. మారిన దొంగ మర్నాడు ఊళ్లోకి నడిచి వస్తే, తన ఎద్దులు పోగొట్టుకున్న రైతు ఏమనుకున్నాడో ఏ పురాణమూ చెప్పదు. వెంకయ్య కథలో ఆ రైతు ఉన్నాడు. ఆ రైతు ఉన్న ఊళ్ల మధ్యే వెంకయ్య మరో ముప్పై ఏళ్లు బతికాడు. నాకు ఈ కథలో పట్టు దొరికింది అక్కడే.

వెంకయ్య మాలపల్లిలో పుట్టాడు. ఆ రోజుల్లో మాలపల్లి పిల్లవాడికి బడి ఎక్కడిది? రైతుల పొలాల్లో పాలేరుతనం, ఊరికి వెట్టి, మగ్గం ఉంటే ముతక నేత. ఊరి బావిలో నీళ్లు తోడుకోకూడదు, గుడి మెట్లు ఎక్కకూడదు. ఎండాకాలం వస్తే పని ఉండదు, పని లేకపోతే గింజలుండవు.

ఆయనకు ఇరవై ఏళ్లు దాటిన రోజుల్లో 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. గుంటూరు కరువని పుస్తకాల్లో రాసే కరువు ఇదే. గుంటూరు జిల్లాలో ఉన్న ఐదు లక్షల జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా చచ్చిపోయారని లెక్క. కరువంటే ఏమిటో కొత్తచెరువు వాళ్లకు నేను వివరించక్కర్లేదు. అయితే మనం చూసిన కరువు వేరు. చెనిక్కాయ పంట పోతే బెంగళూరు బస్సు ఎక్కే కరువు మనది. అప్పటి కరువులో ఎక్కడానికి బస్సు లేదు, తెచ్చి పోయడానికి రైలు లేదు, గంజి పోయడానికి సర్కారుకు మనసు లేదు. మన వేమన పద్యాలను అచ్చు వేయించిన బ్రౌన్ దొర ఆ కరువు రోజుల్లో గుంటూరులో పనిచేశాడు. పైవాళ్లకు నచ్చే కొరత అనే మాట వాడకుండా కరువును కరువనే రాశాడని ఆయన గురించి చెబుతారు. ఒక్క మాట సరిగా రాయడానికి కూడా గుండె కావలసిన రోజులన్నమాట.

అలాంటి కాలంలో దొంగతనం ఒక బతుకుతెరువు. కృష్ణకు అటూ ఇటూ ఉన్న ఊళ్లలో రాత్రిళ్లు కొట్టాల్లో పశువులు మాయమయ్యేవి, గాదెలు ఖాళీ అయ్యేవి, బాటసారులను దోచేవాళ్లు. దొంగలను పట్టుకుంటే పాలకులు ఏం చేసేవాళ్లో చెప్పడానికి ఆ వైపు ఒక ఊరి పేరే సాక్ష్యం. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు దోపిడీలు చేస్తున్న చెంచులను భోజనానికని పిలిపించి వరసగా తలలు నరికించాడని, ఆ చోటే నరుకుళ్లపాడు అయిందని అక్కడివాళ్లు చెబుతారు. ఆ పాపభీతితోనే ఆయన గుళ్లు గోపురాలు కట్టించాడని కూడా అంటారు. వెంకటాద్రి నాయుడు 1816లో పోయాడు. అప్పటికి వెంకయ్య చిన్నపిల్లవాడు. దొంగకు తల తీయడమే మందు అన్న నమ్మకం ఆ చిన్నపిల్లవాడు పెరిగిన గాలిలో ఉంది. మన దత్తమండలాలు మాత్రం ఏం తక్కువ? 1800లో మన్రో కలెక్టరుగా వచ్చేసరికి ఇక్కడ ఎనభై మంది పాలెగాళ్లు, ఒక్కొక్కరి చేతి కింద దోచుకునే బంట్లు.

వెంకయ్య అలాంటి ఒక ముఠాకు నాయకుడయ్యాడు. ఆయన మాట తన పల్లెలోనే కాక చుట్టుపక్కల మాలపల్లెల్లో కూడా చెల్లేది. బలశాలి, మాటకారి, పదిమందిని వెంట నడిపించగలిగిన మనిషి. దొంగ పెద్దవాడైతే, ఉన్నవాణ్ణి కొట్టి లేనివాడికి పెట్టాడని కథ అల్లడం మనకు అలవాటు. వెంకయ్య గురించి కూడా అలా చెప్పేవాళ్లున్నారు. నాకు ఆ రంగు పూయడం ఇష్టం లేదు. ఆ రోజుల్లో ఒక ఎద్దు పోయిన రైతుకు ఆ ఏడు సేద్యం పోయినట్టే. దొంగ ఎంత ఆకలితో ఉన్నా ఎద్దు పోయినవాడి ఇంట్లో ఏడుపు ఏడుపే. అందులోనూ దొరికినవాళ్లకు పడే దెబ్బలు వాళ్లతో ఆగవు. ఊళ్లో ఏది పోయినా మాలపల్లి మొత్తాన్ని కట్టేసి కొట్టే కాలమది. నాయకుడి తెగువకు అమాయకుల వీపులు కూడా చెల్లించాయి.

అలాంటి మనిషి మనసు తిరగడం 1849 ప్రాంతంలో మొదలైంది. మొదలుపెట్టింది దొర కాదు, పాదిరి కాదు, పుస్తకం కాదు. దగ్గరి బంధువొకడు ఎక్కడో విన్న మాట తెచ్చి చెప్పాడు. బొమ్మలు దేవుళ్లు కావని, అన్నిటికీ పైన ఒక గొప్ప దేవుడున్నాడని ఎవరో దొర చెబుతున్నాడని ఆ మాట సారం. చెప్పినవాడికి అంతకుమించి తెలియదు. ఆ దేవుడి పేరేమిటో, ఎలా కొలవాలో, ఏం కోరుతాడో ఏమీ తెలియదు. వింత కబురు చెప్పి తన దారిన తాను పోయాడు.

వెంకయ్య మాత్రం దాన్ని వదల్లేదు. తనవాళ్లను కూర్చోబెట్టి చెప్పాడు. ఇంట్లో ఉన్న విగ్రహాలను తీసేశాడు. ఆపైన రోజూ ఆ పేరు తెలియని దేవుణ్ణి ఉద్దేశించి, నువ్వెవరో, ఎక్కడున్నావో నాకు తెలియదు, నువ్వే కనబడు అనే అర్థం వచ్చేలా మొక్కుకునేవాడని ఆయన కథ చెప్పేవాళ్లంతా చెబుతారు. ఇది ఒకటి రెండు నెలల ముచ్చట కాదు. దాదాపు పదేళ్లు సాగింది.

ఆ పదేళ్ల మీద నేను చాలాసార్లు ఆలోచించాను. మామూలుగా ఇలాంటి కథల్లో మార్పు ఒక్క పూటలో వస్తుంది. మెరుపు మెరుస్తుంది, దొంగ మోకరిస్తాడు, కథ అయిపోతుంది. వెంకయ్యకు మెరుపు లేదు. జవాబు చెప్పేవాడు లేకుండా ఒక్క ప్రశ్నతో పదేళ్లు గడిపాడు. ఆ కాలంలోనే పాత బతుకు కొంచెం కొంచెంగా జారిపోయి ఉండాలి. రాత్రి గాదెకు కన్నం వేయడానికి, తెల్లవారి ఆ గొప్ప దేవుడికి చేతులెత్తడానికి ఎంతకాలమని పొంతన కుదురుతుంది? మతం మార్చుకోక ముందే మనిషి మారడం మొదలైందని నాకు తోస్తుంది. పాదిరీల పుస్తకాలు 1859 దగ్గర గొంతు పెంచుతాయి. నా మట్టుకు నాకు అసలు కథ 1849కి, 1859కి మధ్యనే ఉంది.

ఇక ఆ దొరల సంగతి. చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు 1841లో మచిలీపట్నం వచ్చారు. ఫాక్స్ ఊళ్లు తిరిగి తిరునాళ్లలో, వీధుల్లో బోధించేవాడు. ఆరోగ్యం చెడి ఇంగ్లండుకు తిరిగి వెళ్లి 1848లో చనిపోయాడు. నోబుల్ దారి వేరు. ఆయన 1843లో బడి పెట్టాడు. పై కులాల పిల్లలకు మంచి చదువు చెబితే, వాళ్లు మారితే, నీళ్లు పల్లానికి పారినట్టు మతం కిందికి దిగుతుందని ఆయన ఆలోచన. అందుకే మాల మాదిగ పిల్లలను ఆ బడిలో చేర్చుకోలేదు. ఉపాధ్యాయుడిగా నోబుల్ గొప్పవాడు. పెళ్లి చేసుకోలేదు, 1865లో చనిపోయేదాకా స్వదేశానికి తిరిగి వెళ్లలేదు, బడే ఆయన ప్రాణం. తర్వాతి కాలంలో అదే నోబుల్ కళాశాల అయింది. 1852లో ఆ బడి నుంచి మంచాల రత్నం, అయినాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు గొల్లుమంది. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించారు, బడి ఖాళీ అయింది. పదకొండేళ్ల శ్రమకు ఫలితం ఇద్దరు.

మేము ఇంజనీర్లం కాలువ తవ్వితే నీరు పైనుంచి కిందికే పోతుంది, అందులో సందేహం లేదు. మనుషుల విషయంలో నోబుల్ వేసిన లెవెలు తప్పింది. నీళ్లు కింది నుంచి ఊరాయి.

అదే కాలంలో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ, మధ్యలో కిలోమీటరుకు పైగా నది. కాటన్ దొర గోదావరి ఆనకట్ట అనుభవంతో ఇది తలపెట్టారు. ఓర్ అనే కెప్టెన్ దగ్గరుండి 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తి చేశాడు. ఇప్పటి ప్రకాశం బ్యారేజి కట్టే దాకా, అంటే 1957 దాకా, డెల్టాను పోషించింది అదే. చిన్న పల్లెగా ఉన్న బెజవాడకు ఆనకట్టతో రాకపోకలు పెరిగాయి. థామస్ యంగ్ డార్లింగ్ అనే మిషనరీ ఆ బెజవాడలో మకాం పెట్టి బోధించేవాడు. వినేవాళ్లు విన్నారు, వాదించేవాళ్లు వాదించారు, వచ్చి చేరినవాళ్లు మాత్రం లేరు. ఏళ్లు గడిచాయి.

1859లో కృష్ణా స్నానాల పండుగకు రాఘవాపురం నుంచి వెంకయ్య బెజవాడ వచ్చాడు. విగ్రహాలను వదిలేసిన మనిషికి స్నానాల పండుగతో పనేమిటని అడగవచ్చు. అక్కడికి నలుమూలల నుంచి జ్ఞానులు, సాధువులు, శాస్త్రాలు తెలిసిన బ్రాహ్మణులు వస్తారు. పదేళ్లుగా మోస్తున్న ప్రశ్నకు వాళ్లలో ఎవరైనా జవాబు చెప్పకపోతారా అని వచ్చి ఉండాలి. అందరినీ అడిగాడు. చివరికి ఒక బ్రాహ్మణుడు నవ్వులాటకో, వదిలించుకోవడానికో మిషనరీ బంగళా వైపు చెయ్యి చూపించి, నీ గొప్ప దేవుడి సంగతి ఆ దొరకు తెలుసు పో అన్నాడట.

వెంకయ్య నిజంగానే పోయాడు. డార్లింగ్ చెప్పింది విన్నాడు. తాను ఇన్నాళ్లు వెతుకుతున్నది ఈయన్నే అని అప్పటికప్పుడే ఒప్పుకున్నాడు. వాదన లేదు, షరతు లేదు. ఏళ్ల తరబడి వాదనలకు జవాబులు చెప్పి అలసిపోయిన డార్లింగుకు ఎదురుగా, సగం జవాబు ముందే తెచ్చుకున్న మనిషి నిలబడ్డాడు. ఎవరు ఎవరికి బోధించినట్టో చెప్పడం కష్టం. 1859 మార్చిలో వెంకయ్యకు, ఆయనతో పాటు కుటుంబానికి, వెంట ఉన్నవాళ్లకు డార్లింగ్ బాప్తిస్మం ఇచ్చాడు. మచిలీపట్నం మిషన్ పద్దెనిమిదేళ్ల చరిత్రలో ఒక పల్లె కదిలి రావడం అదే మొదలు.

వెంకయ్యను దేవుడి దగ్గరికి నడిపించింది ఎవరని లెక్కేస్తే నలుగురు తేలతారు. కబురు మోసుకొచ్చిన బంధువు, ఎగతాళిగా దారి చూపిన బ్రాహ్మణుడు, డార్లింగ్, వాళ్లందరికన్నా ముందు వెంకయ్యే. మొదటి ఇద్దరి పేర్లు ఏ గోడ మీదా లేవు.

ఇక్కడి నుంచి ఆయన వీధి బోధకుడు. ఈ మాటను కొంచెం ఆగి చూడాలి. లండన్‌లోనో న్యూయార్కులోనో మారిన తాగుబోతులు, దొంగలు వీధి మూలల్లో నిలబడి తమ కథ చెప్పి బోధించడం ఆ శతాబ్దంలో పెద్ద ఉద్యమం. న్యూయార్కులో జెర్రీ మెకాలే అనే నదీ దొంగ జైలుకు పోయి, మారి, 1872లో వాటర్ స్ట్రీట్‌లో మిషన్ తెరిచాడు. మెకాలేకు నిలబడడానికి వీధి ఉంది. వెంకయ్యకు వీధి లేదు. మాలవాడు ఊళ్లో పెద్ద వీధిన తలెత్తుకుని నడవడమే తప్పు, చెప్పులు తొడుక్కుని నడిస్తే దెబ్బలు. అక్కడ నిలబడి నాలుగు కులాలవాళ్లకు దేవుడి గురించి చెప్పడమంటే ఊహకు అందని సాహసం. అందుకే మాలపల్లెల్లో వేపచెట్టు కింద, సంతలో, రేవు దగ్గర, తిరునాళ్లలో, అంటే అందరూ కలిసే చోట్లలో ఇలాంటివాళ్ల బోధ సాగేది. పగలు కూలికి పోయిన జనం రాత్రి దీపాల వేళ చేరేవాళ్లు. బోధకుడికి పుస్తకం చదవడం రాకపోయినా పరవాలేదు, పాట వస్తే చాలు, గొంతు ఉంటే చాలు, తన కథ చెప్పగలిగితే చాలు.

వెంకయ్యకున్న పెట్టుబడి ఆ కథే. అదే ఆయనకు పెద్ద అడ్డంకి కూడా. దూరపు ఊరి నుంచి వచ్చిన పాదిరి మంచివాడో కాదో విన్నవాళ్లకు తెలియదు. వెంకయ్య ఎవరో వాళ్లకు తెలుసు. ఫలానా ఏడు ఫలానా వాళ్ల కొట్టంలో పశువులు ఎవరు తోలుకుపోయారో ఊహించగలిగినవాళ్లే ఎదురుగా కూర్చుని వినేవాళ్లు. ఇలాంటి మనిషి మారానని నోటితో చెబితే ఎవరు నమ్ముతారు? రాత్రి పశువులు కట్టుకొట్టంలోనే ఉన్నాయా లేవా అని తెల్లవారి చూసుకోవాలి. మర్నాడు చూసుకోవాలి. ఏడాది చూసుకోవాలి. అలా ముప్పై ఏళ్లు చూసుకున్నారు. ఆ లెక్క తప్పి ఉంటే ఆయన చుట్టూ సంఘాలు నిలిచేవి కావు.

రాఘవాపురం నుంచి ఆ కబురు చుట్టాల దారిలో పాకింది. పెళ్లిళ్లకు, చావులకు, కూలికి పోయినవాళ్లు దాన్ని ఊరూరికీ తీసుకుపోయారు. ఒక ఇంటి అల్లుడు ఇంకో పల్లెకు తీసుకెళ్తాడు, ఆ పల్లె పెద్ద కబురు పెడతాడు, వెంకయ్యలాంటివాడు పోయి నాలుగు రోజులుండి వస్తాడు. మిషన్‌వాళ్లు వెనక నుంచి వచ్చి ఉపదేశిని పెట్టేవాళ్లు. ఆ ఉపదేశి పగలు పిల్లలకు అక్షరాలు చెప్పేవాడు, రాత్రి పెద్దలకు పాటలు నేర్పేవాడు. బడి ముందా గుడి ముందా అంటే చాలా పల్లెల్లో రెండిటికీ ఒకటే పూరిపాక. నోబుల్ బడిలో చోటు దొరకని పిల్లలకు ఆ పాకే మొదటి బడి. పలక పట్టిన మొదటి తరం అక్కడ తయారైంది. మన సంచిక చదివే ఉపాధ్యాయ మిత్రులు ఈ సంగతిని గుర్తిస్తారని నా ఆశ. దొంగ మారిన కథలో నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఆ పూరిపాక.

కష్టాలు లేకుండా ఇదంతా జరగలేదు. వెట్టికి రానంటే, తిరునాళ్లలో డప్పు కొట్టనంటే, ఆదివారం పొలానికి రానంటే ఊరి పెద్దలు ఊరుకోరు. పని ఆపేస్తారు, దారి మూసేస్తారు, కొడతారు, దొంగ కేసులు పెడతారు. దొంగ కేసు పెట్టడానికి మారిన దొంగల పల్లెను మించిన పల్లె ఏముంటుంది? ఆ కాలంలో చేరిన ప్రతి పల్లెకూ ఇలాంటి అనుభవాలు ఏదో ఒక రూపంలో తప్పలేదు.

ఇక్కడ చాలామంది మనసులో ఉండే ప్రశ్న ఒకటుంది. అన్నం కోసం, గోధుమల కోసం మతం మారారు కదా అని. నేనూ చిన్నప్పటి నుంచి ఆ మాట వింటూనే పెరిగాను. వెంకయ్య విషయంలో అది పొసగదు. 1849లో విగ్రహాలు తీసేసినప్పుడు ఆయనకు అన్నం పెట్టే దొర ఎవరూ లేడు. 1859లో వచ్చిన దొర దగ్గర కూడా పంచడానికి ఏమీ లేదు. దొంగతనం మానుకుంటే ఆదాయం తగ్గుతుంది కానీ పెరగదు. కరువు రోజుల్లో కూడా సంగతి అనుకున్నంత సులువు కాదు. 1876-78 కరువు, మన సీమలో ధాత కరువని ముసలివాళ్లు చెప్పిన కరువు, అప్పుడు ఒంగోలులో క్లౌ అనే అమెరికన్ బాప్తిస్టు దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్లు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. సర్వే పని తెలిసిన మనిషి. కూలి కోసం మతంలోకి వస్తారేమోనన్న అనుమానంతో పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పని ఆగిపోయాక కూడా జనం తగ్గలేదు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. వాళ్ల మనసుల్లో ఏముందో కొలిచే పరికరం నా దగ్గర లేదు. మనిషిగా చూసే చోటును వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఎక్కువమంది అయి ఉంటారని మాత్రం అనుకుంటాను. అది అన్నం కన్నా చిన్న ఆకలేమీ కాదు.

వెంకయ్య బతికుండగానే సర్కారు దొంగల సమస్యకు తనదైన మందు కనిపెట్టింది. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. పుట్టుకతోనే దొంగలని కొన్ని కులాలకు కులాలనే రాసిపెట్టే చట్టం. తర్వాత అది మద్రాసు రాజధానికీ వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం వెలిసింది. ఎరుకల కుటుంబాలను తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి, హాజరు పట్టీ పెట్టి, అనుమతి లేకుండా కదలకూడదని కట్టడి చేసి, పనులు నేర్పి మంచివాళ్లను చేయాలని చూశారు. కావలిలో, బెజవాడకు ఎదురుగా సీతానగరంలో కూడా ఇలాంటి సెటిల్మెంట్లు నడిచాయి. అక్కడ పనిచేసినవాళ్లలో మంచి మనసున్నవాళ్లు లేకపోలేదు. బడులు పెట్టారు, భూములు ఇప్పించారు. కానీ దొంగ అన్న ముద్ర ముందు వేసి, ఆ తర్వాత మారమన్నారు. చట్టం 1952లో రద్దయింది. ఆ ఊరి పేరు మీద ముద్ర మాత్రం సినిమాల పుణ్యాన ఇప్పటికీ చెరగలేదు. అక్కడ పుట్టి చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఊరి పేరు చెప్పడానికి తడబడవలసి రావడం మన సిగ్గు. సీతానగరం కొండ దగ్గర నిలబడితే నదికి అవతలి గట్టున బెజవాడ కనిపిస్తుంది. హాజరు పట్టీ లేకుండా, కాపలా లేకుండా, తన ప్రశ్నను తానే మోసుకుంటూ ఒక ముఠా నాయకుడు నడిచి వచ్చిన ఊరు అది. ఈ రెండు గట్ల మధ్య తేడా నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది.

వెంకయ్య 1891లో పోయాడు. అప్పటికి ఎనభై ఏళ్లు. కృష్ణా జిల్లాలో మొదటి బాప్తిస్మాల నాడు లేని సంఘాలు, పాకబడులు అప్పటికి ఎన్నో ఊళ్లలో వచ్చేశాయి. ఆయన బంధుకోటి, వాళ్ల పిల్లలు ఉపదేశులుగా, పంతుళ్లుగా తయారయ్యారు.

ఆ తర్వాతి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. 1912 డిసెంబరు 29న వేదనాయగం సామ్యేల్ అజరయ్య దోర్నకల్ బిషప్పు అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదటిసారి. తమిళుడు, తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లో ఎడ్లబండి మీద తిరిగాడు. కొన్నేళ్లకు చర్చి మిషనరీ సొసైటీవారి కృష్ణా జిల్లా సంఘాలు, వాటిలో వెంకయ్య ఊరివి కూడా, ఆయన ఏలుబడిలోకి వచ్చాయి. జీతం తీసుకునే బోధకులు పదిమందే ఉన్నా ఫరవాలేదు, సంఘంలో చేరిన ప్రతి కూలివాడూ తన పొరుగువాడికి తానే చెప్పాలి అన్నది అజరయ్య పట్టుదల. ఏడాదికోసారి పల్లె సంఘాలవాళ్లంతా, చదువు రానివాళ్లు కూడా, గుంపులుగా బయలుదేరి పొరుగూళ్లలో పాడుతూ చెప్పే వారోత్సవం పెట్టాడు. పై కులాలవాళ్లలో కూడా కొందరు సంఘంలో చేరడం ఆ రోజుల్లోనే పెరిగింది. ఎందుకు వచ్చారని అడిగితే, బోధ విని కాదు, మా ఊరి మాలపల్లి, మాదిగపల్లి మారిన తీరు చూసి వచ్చామని చాలామంది చెప్పారు. ఏ ఇంటి కొట్టంలో పశువులు తోలుకుపోయేవాళ్లో, ఆ ఇళ్లవాళ్లు.